పాఠకుల ప్రశ్నలు: స్ప్రూస్, ఆస్పెన్ కలిసి పెరిగే అడవికి కంప్యూటర్ లెక్క

ప్రశ్న: కెనడాలోని ఆల్బర్టాలో తెల్ల స్ప్రూస్ (ఏడాదంతా పచ్చగా ఉండే సూదాకు చెట్టు), ఆస్పెన్ (ఏటా ఆకు రాల్చే చెట్టు) కలగలిసి పెరిగే బోరియల్ (ఉత్తరాది చలి ప్రాంతపు) అడవికి ఎదుగుదల, దిగుబడి మోడల్ తయారు చేయాలి. శాశ్వత ప్లాట్ల (ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొలిచే నేలముక్కల) పాత కొలతలు చేతిలో ఉన్నాయి. అడవినంతా ఒక్క మొత్తంగా లెక్కించాలా, చెట్టు చెట్టుకూ విడిగా లెక్కించాలా?

జవాబు: రెండు దారులూ అక్కడ వాడుకలో ఉన్నవే. ఆ రాష్ట్ర ప్రభుత్వ అటవీ విభాగం రూపొందించిన జిప్సీ అనే మోడల్ మొత్తం స్టాండ్‌ను (ఒకచోటి చెట్ల గుంపును) ఒక్కటిగా లెక్కిస్తుంది. ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో తయారైన మిక్స్‌డ్‌వుడ్ గ్రోత్ మోడల్ (ఎమ్‌జీఎమ్) ఒక్కో చెట్టును విడిగా పెంచుతుంది, కానీ ప్లాట్‌లో ఏ చెట్టు ఎక్కడ నిలబడి ఉందో అడగదు. పై వరుస ఆస్పెన్‌ను నరికి కింది స్ప్రూస్‌ను ఉంచితే ఏమవుతుంది, పలచన చేస్తే ఏమవుతుంది అన్నవే మీ ప్రశ్నలైతే చెట్టు స్థాయి మోడలే ఎంచుకోండి. స్థానాలు కొలిచిన డేటా లేకపోయినా ఇబ్బంది లేదు.

చెట్ల మధ్య పోటీని కొలవడానికి ఎక్కువమంది వాడేది ‘తనకంటే లావైన చెట్ల బేసల్ ఏరియా’. బేసల్ ఏరియా అంటే ఛాతీ ఎత్తులో కాండం అడ్డుకోత వైశాల్యం. 400 చదరపు మీటర్ల ప్లాట్ (వ్యాసార్థం 11.28 మీటర్లు) తీసుకోండి. అందులో ఒక్క చెట్టు హెక్టారుకు 25 చెట్లకు లెక్క. సెంటీమీటర్లలో ఉన్న వ్యాసాన్ని వర్గం చేసి 0.00007854తో గుణిస్తే ఆ చెట్టు బేసల్ ఏరియా చదరపు మీటర్లలో వస్తుంది. 12 సెంటీమీటర్ల స్ప్రూస్ ఒకటి ఉందనుకుందాం. దానికంటే లావైనవి 25, 22, 18 సెంటీమీటర్ల ఆస్పెన్లు మూడు, 14 సెంటీమీటర్ల స్ప్రూస్ ఒకటి. ఆస్పెన్ల వాటా హెక్టారుకు 2.81 చదరపు మీటర్లు, స్ప్రూస్ వాటా 0.38.

ఈ రెండింటినీ కలిపేసి 3.19 అని ఒకే అంకెగా సమీకరణంలో పెట్టకండి. ఆస్పెన్ వసంతం మొదట్లోనూ శరత్తు చివర్లోనూ ఆకుల్లేకుండా నిలబడుతుంది, ఆ రోజుల్లో కింది స్ప్రూస్‌కు వెలుతురు అందుతుంది. పైనున్నది స్ప్రూసే అయితే ఏడాదంతా నీడే. కాబట్టి జాతివారీగా విడి గుణకాలు ఇవ్వండి. మిశ్రమ అడవికి ప్రత్యేకంగా మోడల్ రాయడంలో సగం ప్రయోజనం ఇక్కడే ఉంది.

ప్రశ్న: వ్యాసం పెరుగుదల సమీకరణం డేటాకు చక్కగా సరిపోయింది. అయినా 60 ఏళ్లు ముందుకు నడిపితే బేసల్ ఏరియా ఎక్కడా లేనంత పెరిగిపోతోంది. తప్పు ఎక్కడుంది?

జవాబు: పెరుగుదల సమీకరణాన్ని కాసేపు పక్కన పెట్టి, చెట్లు చనిపోయే సమీకరణం చూడండి. దీర్ఘకాలపు అంచనాను నిలబెట్టేదీ పడగొట్టేదీ అదే. ఏటా బతికే అవకాశం 0.99 అయితే వెయ్యి చెట్లలో 60 ఏళ్లకు 547 మిగులుతాయి. 0.98 అయితే 298. రెండో దశాంశంలో ఒక్క అంకె మారితే అడవి దాదాపు సగానికి పడిపోయింది. వ్యాసం సమీకరణంలో ఇంత చిన్న తేడా ఇంత దెబ్బ కొట్టదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు కొలతల మధ్య గడువుది. గుబురుగా ఉన్న లేత ఆస్పెన్‌లో అయిదేళ్లకు సగం చనిపోయాయనుకోండి. 50ని 5తో భాగించి ఏటా 10 శాతం అనుకుంటే, 0.9 అయిదో ఘాతం 0.59. అంటే సగం మిగలాల్సిన చోట 59 శాతం మిగిలినట్టు చూపిస్తుంది. ఏటా బతికే అసలు అవకాశం 0.5కు అయిదో మూలం, 0.871. ప్లాట్లలో కొన్నిటికి 5 ఏళ్లు, కొన్నిటికి 10 ఏళ్ల గడువు ఉంటే, లాజిస్టిక్ సమీకరణం (0కీ 1కీ మధ్య అవకాశాన్ని లెక్కించేది) ఇచ్చే ఏటా బతికే అవకాశాన్ని ఆ ప్లాట్ గడువు ఘాతానికి ఎత్తి, అలాగే డేటాకు సరిపెట్టండి. తర్వాత సవరిద్దామనుకోవద్దు.

అదీ సరిగ్గానే ఉంటే కోడ్ చూడండి. ఒక్కో చెట్టును పెంచుతూ అప్పటికప్పుడే కొత్త వ్యాసాన్ని పట్టికలో రాసేస్తే, జాబితాలో చివరున్న చెట్టు ఈ ఏటి పోటీకి బదులు వచ్చే ఏటి పోటీని చూస్తుంది. ఏడాది మొదట్లో ఉన్న కొలతలతోనే అన్ని చెట్ల పెరుగుదలనూ లెక్కించి, ఆఖర్న ఒకేసారి కలపాలి. జాబితా క్రమం తలకిందులు చేసి మళ్లీ నడపండి. జవాబు మారిందంటే తప్పు దొరికినట్టే.

ప్రశ్న: పెరుగుదలను లాగరిథమ్‌లోకి మార్చి రిగ్రెషన్ (డేటాకు సమీకరణం సరిపెట్టే పద్ధతి) చేశాను. అంచనాలు అన్నిచోట్లా కాస్త తక్కువే వస్తున్నాయి.

జవాబు: లాగ్‌లో సగటు తీసి వెనక్కి మారిస్తే వచ్చేది అసలు సగటు కాదు, దానికంటే తక్కువ. శేషాల (కొలతకూ అంచనాకూ మధ్య తేడాల) వర్గ సగటులో సగం కలిపాకే వెనక్కి మార్చాలి. ఆ వర్గ సగటు 0.20 అయితే దిద్దుబాటు 1.105 రెట్లు, చిన్నదేమీ కాదు. సున్నా, రుణ పెరుగుదలలను లాగ్ తీయలేమని పారేశారా? అదింకో తప్పు. బెరడు రాలడం వల్లా టేపు కాస్త అటూ ఇటూ పడటం వల్లా రుణ అంకెలు వస్తాయి, అదే కారణాన కొన్ని ధన అంకెలూ ఉబ్బుతాయి. ఒక వైపువి మాత్రమే తీసేస్తే రెండో వైపు తప్పు మిగిలిపోతుంది. నన్నడిగితే లాగ్ వద్దు, ఒక్కో కొలతకు తగిన బరువు ఇచ్చి, వంపు సమీకరణాన్ని నేరుగా సరిపెట్టే నాన్‌లీనియర్ రిగ్రెషన్ మేలు.

ప్రశ్న: ఆస్పెన్ కింద పెరిగిన స్ప్రూస్‌కు సైట్ ఇండెక్స్ (నేల సత్తువను చెప్పే అంకె) ఎలా లెక్కించాలి? ఒకే నేలలో ఒక్కో చెట్టు ఒక్కో అంకె ఇస్తోంది.

జవాబు: ఇవ్వకపోతేనే ఆశ్చర్యపడాలి. ఛాతీ ఎత్తు (1.3 మీటర్లు) దగ్గర 50 ఏళ్ల వయసులో పై వరుస చెట్టు ఎంత ఎత్తుంటుందన్నది సైట్ ఇండెక్స్. ఆ చెట్టు ఎప్పుడూ నీడలో అణగలేదన్న షరతు మీదే ఆ లెక్క నిలుస్తుంది. మీ స్ప్రూస్‌లో చాలావరకు ఆ షరతును నెరవేర్చనివే.

బోరర్‌తో (చెట్టులోకి తొలిచే గొట్టంతో) ఛాతీ ఎత్తులో కోర్ (సన్నని చెక్క ముక్క) తీసి వలయాలు చూడండి. నడిమి దగ్గర వెంట్రుకల్లా సన్నగా, దగ్గరదగ్గరగా ఉండి, ఒక్కసారిగా వెడల్పయ్యాయంటే అది నీడలో ఉండి విడుదలైన చెట్టు. దాన్ని లెక్కలోంచి తీసేయండి. అలాంటి చెట్టును ఉంచితే మంచి నేల కూడా చవిటి నేలలా కనిపిస్తుంది, ఆ అంకెతో నడిపిన మోడల్ నరికాక స్ప్రూస్ చూపే ఊపును పూర్తిగా పోగొడుతుంది. ప్లాట్‌లో నీడ పడని స్ప్రూస్ ఒక్కటీ దొరక్కపోతే, పై వరుస ఆస్పెన్ సైట్ ఇండెక్స్ కొలిచి, ఆ ప్రాంతానికే కట్టిన మార్పిడి సమీకరణంతో స్ప్రూస్ అంకె రాబట్టండి. వేరే ప్రాంతపు సమీకరణం తెచ్చుకోవద్దు. ఆస్పెన్ వయసు చూసేటప్పుడు జాగ్రత్త: లోపల కుళ్లు ఉంటే నడిమి వలయాలు దొరకవు, ఊహించి పూరించకుండా ఇంకో చెట్టు చూసుకోండి.

ప్రశ్న: మోడల్‌ను ఎలా పరీక్షించాలి? నూటికి ఇరవై చెట్లను పక్కన పెట్టాను.

జవాబు: చెట్లను కాదు, ప్లాట్లను పక్కన పెట్టాలి, వీలైతే ఒక ప్రదేశంలోని ప్లాట్లన్నిటినీ కలిపి. ఒకే ప్లాట్‌లోని చెట్లకు నేలా వానా ఒకటే. వాటిలో కొన్ని శిక్షణలో, కొన్ని పరీక్షలో ఉంటే మోడల్ చూసిన ప్రశ్నకే జవాబు రాసినట్టు.

సగటు తేడా ఒక్కటి చూసి ఆగకండి. ఆస్పెన్‌లో ఎక్కువ, స్ప్రూస్‌లో తక్కువ వచ్చి మొత్తం సున్నా కావచ్చు. జాతివారీగా, సాంద్రతవారీగా విడగొట్టి చూడాలి. ఇందుకు పశ్చిమ కెనడాలో వెస్‌బోగీ (అడవి ఎదుగుదల, దిగుబడిని పరిశోధించే సంఘం) చేపట్టిన దీర్ఘకాల ప్రయోగం తీరు గమనించదగ్గది. హెక్టారుకు స్ప్రూస్ చెట్లు 0, 500, 1000. ఆస్పెన్ 0, 200, 500, 1500, 4000, ఇంకా పలచన చేయకుండా సహజంగా వదిలినవి. ఈ సాంద్రతలను కలిపి వేసిన గడులన్నిటిలో మీ మోడల్‌ను విడివిడిగా నడిపి చూస్తే, ఏ మూలలో కుంటుతుందో తెలిసిపోతుంది. అంచు గడులే ముఖ్యం: ఆస్పెన్ అసలు లేనిచోట స్ప్రూస్ ఎలా పెరుగుతోంది, సహజ గుబురు కింద ఎన్ని స్ప్రూస్‌లు బతికాయి. ఈ రెండూ సరిగ్గా వచ్చాకే నరికివేత షెడ్యూల్‌కు మీ అంకెలు ఇవ్వండి.