కూలిన విమానం ఎందుకు కూలిందో తేల్చే ఉద్యోగం: దారి ఎటు?

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఒక చిన్న శిక్షణ విమానం టేకాఫ్ అవుతూనే కూలిపోయి అందులోని వారు చనిపోయారన్న వార్త చూసినప్పటి నుంచి, ఇలాంటి ప్రమాదాల కారణాలు కనిపెట్టే పనే చేస్తానని పట్టుబడుతున్నాడు. అలాంటి ఉద్యోగం ఉందా? ఏం చదివించాలి? పైలట్ కూడా కావాల్సి ఉంటుందా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ఉందండీ. మన దేశంలో పౌర విమాన ప్రమాదాలను దర్యాప్తు చేయడానికి 2012లో ఎయిర్‌క్రాఫ్ట్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్యూరో (ఏఏఐబీ) ఏర్పడింది. అయితే బీటెక్ పట్టా చేతికి రాగానే ఎవరినీ దర్యాప్తు అధికారిగా తీసుకోరు. విమాన మరమ్మతుల్లోనో, పైలట్‌గానో, భద్రతా విభాగంలోనో ఏళ్ల తరబడి పనిచేసి, ఏదో ఒక విషయంలో లోతు సంపాదించిన వారికే ఆ బాధ్యత అప్పగిస్తారు. అందువల్ల మీ అబ్బాయి ముందుగా తేల్చుకోవాల్సింది ఆ ఒక్క విషయం ఏమిటన్నదే.

ఆ పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక పాత ప్రమాదం గురించి చెప్పాలి. 1996 ఏప్రిల్ 11న అమెరికాలోని షైయెన్ విమానాశ్రయం నుంచి సెస్నా 177బి అనే చిన్న విమానం వానలో, ఉరుముల మధ్య బయలుదేరింది. దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటిన అతి చిన్న వయసు పైలట్‌గా పేరు తెచ్చుకోవాలనుకున్న ఏడేళ్ల పాప, ఆమె తండ్రి, శిక్షకుడు అందులో ఉన్నారు. గాలిలోకి లేచిన కొద్దిసేపటికే విమానం కూలి ముగ్గురూ మరణించారు. ఆ వార్త ఇప్పుడు తలచుకున్నా నా మనసు కలుక్కుమంటుంది.

అమెరికా దర్యాప్తు సంస్థ ‘పైలట్ పొరపాటు’ అని ఒక్క మాట రాసి ఫైలు మూసేయలేదు. విమానంలో పరిమితికి మించి 96 పౌండ్లు, అంటే దాదాపు 44 కిలోల బరువు ఉన్నట్టు లెక్క తేల్చింది. షైయెన్ సముద్ర మట్టానికి 6,000 అడుగులకు పైగా ఎత్తులో ఉంది. అక్కడి పలచని గాలిలో ఇంజిన్ శక్తీ, రెక్కలు పుట్టించే ఎత్తుడు బలమూ రెండూ తగ్గుతాయి. సముద్రం పక్కనే ఉన్న మన విశాఖ రన్‌వే మీద సులువుగా లేచే విమానం అక్కడ ఈడ్చుకుంటూ లేస్తుంది. తగినంత వేగాన్ని నిలుపుకోలేక విమానం స్టాల్ అయి, అంటే రెక్కలకు తగిన ఎత్తుడు బలం అందక, పడిపోయింది. అంతటి వాతావరణంలో అసలు ఎందుకు బయలుదేరారన్న ప్రశ్న దగ్గర కూడా సంస్థ ఆగి ఆలోచించి, మీడియాకు ఇచ్చిన మాటల వల్ల కొంతమేర బిగుసుకుపోయిన ప్రయాణ ప్రణాళికను పట్టుకుని వేలాడటమూ ఒక కారణమని రాసింది. బరువు, గాలి, వేగం, మనిషి ఆతురత: నాలుగింటినీ ఒకే నివేదికలోకి తేగలగడమే ఈ వృత్తిలోని నేర్పు అని నా అభిప్రాయం.

చిన్న విమానాల్లో చాలావాటికి బ్లాక్ బాక్స్ ఉండదు. కాబట్టి శకలాలే సాక్ష్యం చెప్పాలి. ప్రొపెల్లర్ రెక్కలు మెలితిరిగి, వాటిపై అడ్డంగా గీతలు పడి ఉంటే నేలను తాకేటప్పుడు ఇంజిన్ శక్తినిస్తూనే ఉందని, మెలిక లేకుండా వెనక్కి వంగితే శక్తి లేకపోయి ఉండవచ్చని అనుమానిస్తారు. విరిగిన ఇనుప భాగాన్ని భూతద్దం కింద పెడితే, లోహం అలసి నెమ్మదిగా చీలినచోట వంపు తిరిగిన సన్నని గీతలు వరుసగా కనిపిస్తాయి. ఆర్కే బీచ్‌లో వెనక్కి వెళ్లే అలలు ఇసుక మీద వదిలే గీతల్లా ఉంటాయి కనుక వాటిని ఇంగ్లీషులోనూ ‘బీచ్ మార్క్స్’ అనే పిలుస్తారు. ఒక్కసారిగా విరిగినచోట అవి ఉండవు. అంటే ఆ భాగం కూలినప్పుడు విరిగిందా, అది విరగడం వల్లే విమానం కూలిందా అన్నది ఆ గీతల్లో వెతుకుతారు.

ఈ గీతలు మీవాడిని ఆకర్షిస్తే మెటలర్జీ, అంటే లోహాల ఇంజినీరింగ్, సరైన దారి. ఆ బ్రాంచి మన ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కళాశాలలోనే ఉంది. విరిగిన విమాన భాగాలను పరీక్షించే నిపుణులు బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో ఉన్నారు. గాలి, రెక్క, వేగం నచ్చితే జేఈఈ ద్వారా ఏరోస్పేస్ చదవవచ్చు. స్పానర్ పట్టుకుని ఇంజిన్ విప్పాలని ఉంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ ఉంది. చేరేముందు ఆ గుర్తింపును మీరే స్వయంగా సరిచూసుకోండి. పైలట్ కావడం తప్పనిసరి కాదు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి, ఖర్చు లక్షల్లో ఉంటుంది. కేవలం దర్యాప్తు ఉద్యోగం కోసం ఆ అప్పు చేయవద్దని గట్టిగా చెబుతాను.

ఒక విషయం దాచకూడదు. ఈ ఉద్యోగాలు చాలా తక్కువ. కానీ విమానయాన సంస్థల భద్రతా విభాగాల్లో, విమానాల తయారీలో ఇదే చదువుకు పని దొరుకుతుంది. పైగా శకలాల మధ్య నిలబడటమూ, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులతో మాట్లాడటమూ ఈ పనిలో భాగమే. అది మీవాడికి ఇప్పుడే తెలియాలి.

బ్రాంచి ఎంపికకు ముందు ఒక పని చేయించండి. ఏఏఐబీ తన తుది నివేదికలను వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. చిన్న విమానానికి సంబంధించిన ఒక నివేదికను ప్రింట్ తీసి, చివరి నిర్ధారణల పేజీలు విడదీసి మీ దగ్గర ఉంచుకుని, మిగతాది వాడికివ్వండి. కారణం ఏమై ఉంటుందో వాడి మాటల్లో రెండు పేజీలు రాయమనండి. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏ భాగం దగ్గర వాడు ఎక్కువసేపు ఆగాడో అడిగి, ఆ కాగితాలతో నా దగ్గరకు రండి. బ్రాంచి సంగతి అప్పుడు ముగ్గురం కూర్చుని తేల్చుకుందాం.