మీ ప్రశ్నలు - మా జవాబులు: పాట కోసం ఆగిన కథ

ప్రశ్న: 1933లో అర్జెంటీనాలో తీసిన ‘టాంగో!’ అనే నలుపు తెలుపు సినిమా మొన్న రాత్రి చూశాను. పాటలు బాగున్నాయి గానీ, పాట మొదలైనప్పుడల్లా కథ ఆగిపోతోంది. భాష రాక నాకే అర్థం కాలేదా, లేక సినిమాయే అంతా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: సినిమాయే అంతమ్మా, మీ తప్పేం లేదు. కథ పిసరంత. తీత అనే అమ్మాయి ఆల్బెర్తోని వదిలేసి ఓ రౌడీతో వెళ్ళిపోతుంది, అతను ఆ దిగులుతో తిరుగుతూ పాడుకుంటాడు. దర్శకుడు లూయిస్ మోగ్లియా బార్త్ దృష్టంతా పాడేవాళ్ళ మీదే. అసుసెనా మైసాని, లిబెర్తాద్ లమార్కె, మెర్సెదెస్ సిమోనె, తీతా మెరెల్యో, వీళ్ళందరూ అప్పటికే స్టేజీ మీదా రికార్డుల్లోనూ మంచి పేరున్నవాళ్ళు. ఫిల్మ్ అంచునే శబ్దాన్ని ముద్రించే పద్ధతిలో అర్జెంటీనాలో వచ్చిన మొదటి సినిమా ఇది, 1933 ఏప్రిల్ 27న విడుదలైంది. ఇన్నాళ్ళూ గ్రామఫోన్‌లో గొంతు ఒక్కటే విన్న మనిషికి, ఆ గొంతు పాడుతుంటే పెదవి ఎలా కదులుతోందో, కనుబొమ్మ ఎక్కడ ముడిపడుతోందో తెరంత పెద్దదిగా కనిపిస్తే ఇక కథెవరికి కావాలి చెప్పండి!

మన దగ్గర అంతకు ముందు ఏడాదే, 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది, లీలావతిగా వేసిన సురభి కమలాబాయి కూడా నాటకాల నుంచి వచ్చినావిడే. నాటకంలో పద్యం ఎత్తుకుంటే కథ ఆగిపోయిందని మన తాతలు విసుక్కోలేదు సరికదా, వన్స్ మోర్ అని కేకలేసి మళ్ళీ పాడించుకున్నారు. మీరూ ఈసారి కథని వదిలేసి ఆ పద్యం చెవితో వినండి, ముఖ్యంగా మైసాని పాట.

ప్రశ్న: ఆ సినిమాల్లో ఒళ్ళో పెట్టుకుని సాగదీస్తూ వాయించే పెట్టె మన హార్మోనియం లాంటిదేనా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: చుట్టమే. దాన్ని బాందొనియోన్ అంటారు, పుట్టింది జర్మనీలో. రెండింట్లోనూ గాలికి అదిరి పలికేది రీడ్లే. మా ఇంట్లో పాత హార్మోనియం ఒకటుండేది, పైచెక్క తీస్తే వరసగా ఇత్తడి రీడ్లు, ఒక్కోదాని నాలుకలో దుమ్ము ఇరుక్కుంటే ఆ స్వరం బొంగురుపోయేది, మా నాన్నగారు సన్నటి రేకుముక్కతో నాలుకని కొంచెం ఎత్తి ఊదేవారు. మన హార్మోనియంలో ఎడమచేత్తో తిత్తి కొడతాం, కుడిచేత్తో మెట్లు నొక్కుతాం, ఏ మెట్టు నొక్కితే ఆ స్వరమే వస్తుంది. బాందొనియోన్‌కి మెట్లుండవు, రెండు పక్కలా బొత్తాలు, మధ్యలో తిత్తి. ఒకే బొత్తాన్ని నొక్కి సాగదీస్తే ఒక స్వరం, దగ్గరికి మూస్తే ఇంకొకటి! అంటే వేళ్ళకి రెండు లెక్కలు కంఠతా రావాలి. ‘టాంగో!’లో కనిపించే పేద్రో మాఫియా అందులో మహా గట్టివాడు, అతని చేతులు చూడండి.

ప్రశ్న: టాంగో అంటే డాన్స్ కదా, ఇన్ని ఏడుపు పాటలెందుకు?
- ఒక కాలేజీ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: మొదట ఎక్కువగా డాన్సే. 1917లో కార్లోస్ గార్దెల్ ఓ విరహగీతం పాడి రికార్డు చేశాక, టాంగోలో కథ చెప్పే పాటకి గిరాకీ పెరిగింది. అది పెరిగిన బ్యూనస్ ఐరిస్ రేవు పేటలు చూస్తే ఆ ఏడుపు ఎక్కడిదో తెలుస్తుంది. ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి బతుకుతెరువు కోసం ఓడలెక్కి వచ్చినవాళ్ళు, చాలామంది ఒంటరి మగాళ్ళు, అమ్మనీ ఊరినీ వదిలొచ్చినవాళ్ళు. మన జిల్లాల వాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా, ఒకప్పుడు ఇక్కణ్ణుంచి ఎంతమంది రంగం, అదే బర్మాలోని రంగూన్, వెళ్ళే ఓడ ఎక్కలేదూ! మీ ఇంట్లో పెద్దవాళ్ళకి రంగం వెళ్ళినవాళ్ళ పాట ఒక్క చరణం గుర్తున్నా రాసి పంపమ్మా, ఇదే పేజీలో వేద్దాం.