వదులుకున్న పన్నుకు లెక్క ఎక్కడ?

ప్రశ్న: రేషన్ బియ్యానికి ఎంత, ఎరువుల సబ్సిడీకి ఎంత అని బడ్జెట్ నాడు పత్రికలు పట్టికలు వేస్తాయి. పన్ను రాయితీల వల్ల ఖజానాకు ఎంత తగ్గుతుందో మాత్రం కనబడదు. ప్రభుత్వం ఆ లెక్క చెబుతుందా?
– ప్రింటింగ్ ప్రెస్ యజమాని, తణుకు

జవాబు: చెబుతుంది. చాలామంది తెరవని చోట చెబుతుంది. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో ‘రాబడుల బడ్జెట్’ చివరి అనుబంధాలు చూడండి. 2006-07లో ‘వదులుకున్న రాబడి’ పేరుతో ఈ పట్టిక మొదలైంది. 2015-16 నుంచి ‘పన్ను ప్రోత్సాహకాల వల్ల రాబడిపై ప్రభావం’ అంటున్నారు. కంపెనీలకు, వ్యక్తులకు, కస్టమ్స్ సుంకాలకు విడివిడిగా అంకెలు ఉంటాయి.

వ్యక్తులు అన్నానంటే మనమే. నేను ఉద్యోగమంతా జీతాల బిల్లుల దగ్గరే చేశాను. జనవరి దాటిందంటే ఎల్ఐసీ రసీదులు, పిల్లల స్కూలు ఫీజు రసీదులు, ఇంటి అప్పు సర్టిఫికెట్లు జిరాక్సులుగా నా బల్ల మీద పేరుకునేవి. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 80సీ సెక్షన్ కింద లక్షన్నర వరకు మినహాయింపు కోసం తెచ్చిన ఆ కాగితాల మొత్తమే ఢిల్లీ పట్టికలో ఒక వరుస.

అంకెలు ఉన్నంత మాత్రాన సరిపోదు. అవి ఒకటి రెండేళ్ల వెనకటివి. పైగా రాయితీ లేకపోయినా పన్ను కట్టేవారి తీరు మారదన్న ఊహ మీద వేసిన అంచనాలు. రాయితీ ఆశించిన పని చేసిందా అన్నదానికి ఆ పట్టికలో జవాబే ఉండదు. ఎగుమతుల కోసం పన్ను రాయితీలతో పెట్టిన ప్రత్యేక ఆర్థిక మండళ్ల (సెజ్‌ల) సంగతి చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ముందు వరుసలో ఉండేది కాబట్టి మనకు బాగా తెలిసిన కథే. 2006-07 నుంచి 2012-13 వరకు వాటికి దక్కిన పన్ను రాయితీలు రూ. 83,104 కోట్లని ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ 2014 నివేదికలో లెక్క తేల్చింది. నోటిఫై చేసిన 45,635 హెక్టార్లలో కార్యకలాపాలు మొదలైంది 28,488 హెక్టార్లలోనే. రైతు దగ్గర తీసుకున్న మిగతా భూమి ఊరికే ఉండిపోయింది. ఇది బయటపడటానికి ఆడిటర్లు రావలసి వచ్చింది. నాకు మనసు కష్టపెట్టే విషయం ఇదే.

బియ్యం సబ్సిడీకి ఏటా లోక్‌సభ ఓటు కావాలి. పన్ను రాయితీ ఒకసారి చట్టంలోకి ఎక్కితే ఎవరూ మళ్లీ ఓటు వేయనక్కర్లేదు. గడువు రాసి ఉంటే తప్ప, తీసేసే దాకా నడుస్తూనే ఉంటుంది. అందుకే ప్రతి రాయితీకి గడువు తేదీ పెట్టాలని, గడువు తీరాక ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో సభకు చెప్పాకే పొడిగించాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రకటన రోజునే అంకె చెప్పడం అసాధ్యమేమీ కాదు. 2019 సెప్టెంబరులో కార్పొరేట్ పన్ను 22 శాతానికి తగ్గించినప్పుడు ఏడాదికి రూ. 1.45 లక్షల కోట్లు తగ్గుతుందని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. 2025లో రూ. 12 లక్షల దాకా పన్ను ఉండదన్నప్పుడూ లక్ష కోట్లు వదులుకుంటున్నామన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందన్న లెక్క కూడా అంతే బాహాటంగా రావాలి.

ఒక కంపెనీ పేరు చెప్పి దాని పన్ను రిటర్ను సమాచార హక్కు కింద అడిగితే మాత్రం సాధారణంగా ఇవ్వరు. రాష్ట్రం పరిశ్రమలకు తిరిగి చెల్లించే పన్ను గురించైతే పరిశ్రమల శాఖకు రూ. 10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఏ పథకం కింద, ఏ ఏడాది, మొత్తం ఎంత అని విడివిడిగా అడగండి.