నాలుగు ఇంప్లాంట్ల కేసులో మూడోసారి అచ్చు తీస్తామంటే ఒప్పుకోవాలా?

మీ బాపుకు కింది దవడలో నాలుగు ఇంప్లాంట్లు (పంటి వేరుకు బదులు ఎముకలో దించే లోహపు మేకులు) వేశారని, రెండుసార్లు అచ్చు తీశాక కూడా మెటల్ ట్రయల్ రోజు, అంటే పళ్లను మోసే లోహపు ఫ్రేమ్‌ను నోట్లో పెట్టి చూసే రోజు, "ఫ్రేమ్ సరిగ్గా కూర్చోలేదు, మళ్లీ తీయాలి" అన్నారని రాశారు. డాక్టర్‌కు చేతకావట్లేదా, హైదరాబాద్ తీసుకెళ్లాలా అని అడిగారు. నేను హనుమకొండలో డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. డాక్టర్లు పంపిన అచ్చులో స్టోన్ (గట్టి జిప్సం) పోసి మోడల్ చేయడం, దాని మీద పళ్లు కట్టడం నా పని. మూడోసారి అడిగినంత మాత్రాన ఆ డాక్టర్ మీద నమ్మకం వదులుకోకండి. ఫ్రేమ్ కూర్చోకపోయినా స్క్రూలు బలంగా బిగించి ఇంటికి పంపేసి ఉంటే అప్పుడు భయపడాలి.

సొంత పంటికీ ఎముకకూ మధ్య సన్నని పీచు పొర ఉంటుంది. దాని వల్ల పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దాకా కదలగలదు, బ్రిడ్జి కొంచెం తేడాగా ఉన్నా సర్దుకుంటుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, నేరుగా ఎముకలో పాతుకుపోతుంది. దాని కదలిక 3 నుంచి 5 మైక్రాన్లే. అందుకే మోడల్‌లో ఉన్న తేడా భారమంతా స్క్రూల మీద పడుతుంది. కొన్నాళ్లకు స్క్రూ వదులవుతుంది, ఒక్కోసారి విరుగుతుంది, పింగాణీ పెచ్చు లేస్తుంది, సందులో పాచి చేరుతుంది. ఎంత తేడా వరకు పర్వాలేదన్న దాని మీద ఈ రంగంలోని నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. ఇంప్లాంట్లకు ఆద్యుడైన బ్రానెమార్క్ 1983లో 10 మైక్రాన్లు మించకూడదన్నారు, 1991లో యెమ్ట్ అనే పరిశోధకుడు 150 వరకు ఒప్పుకోవచ్చన్నారు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. మేము పని చేసేది ఆ కొలతల్లో.

తేడా చాలా చోట్ల రావచ్చు. అచ్చు తీసేటప్పుడు ఇంప్లాంట్ల స్థానం పట్టుకోవడానికి వాటికి బిగించే ముక్కలను కోపింగులు అంటారు. క్లోజ్డ్ ట్రే పద్ధతిలో (ట్రే అంటే అచ్చు పదార్థం నింపే పాత్ర) కోపింగులు నోట్లోనే ఉండిపోతాయి, వాటిని విప్పి మళ్లీ అచ్చులో గుచ్చాలి. అవి వెనక్కి సరిగ్గా అదే చోట కూర్చుంటాయన్న భరోసా లేదు. ఓపెన్ ట్రేలో కోపింగులు అచ్చుతోపాటే బయటికొస్తాయి. నాలుగు ఇంప్లాంట్లు, అందులోనూ అటూ ఇటూ వంగినవి ఉంటే నేను ఓపెన్ ట్రేనే అడుగుతాను. కోపింగులన్నిటినీ రెజిన్‌తో (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిపి కట్టమని కూడా అడుగుతాను. రెజిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి ముందురోజే కట్టి, మధ్యలో కోసి, నోట్లో చిన్న చుక్కతో అతికించాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత చేసేదంతా వృథా.

ల్యాబ్‌కు వచ్చాక తప్పులకు మేమే బాధ్యులం. కోపింగ్‌కు అనలాగ్ (మోడల్‌లో ఇంప్లాంట్ స్థానంలో ఉండే నకలు) బిగించేటప్పుడు అనలాగ్‌ను గట్టిగా పట్టుకోకపోతే అచ్చులో కోపింగ్ తిరిగిపోతుంది, పైకి ఏమీ కనిపించదు. తర్వాత స్టోన్. గట్టిపడేటప్పుడు అది కొంచెం వ్యాకోచిస్తుంది. 0.1 శాతమే అనుకోండి, ఈ చివరి ఇంప్లాంట్ నుంచి ఆ చివరిదాకా 5 సెంటీమీటర్లు ఉంటే 50 మైక్రాన్ల తేడా వచ్చినట్టే. మామూలు స్టోన్‌తో ఇంకా పెరుగుతుంది. అందుకే పౌడర్ తూకం వేసి, నీళ్లు కొలిచి, వాక్యూమ్ మిక్సర్‌లో కలపాలి. కంటి అంచనాతో కలిపితే ఒప్పుకోను. వానాకాలంలో మూత తీసి ఉంచిన స్టోన్ చెమ్మ పట్టి వేరేగా ప్రవర్తిస్తుంది. ఇక మే నెల ఎండలో ఆల్జినేట్ (నీళ్లతో కలిపే అచ్చు పొడి) అచ్చును తడిగుడ్డలో చుట్టి ఆర్టీసీ పార్సిల్‌లో పంపితే అది వచ్చేసరికి ఎండి ముడుచుకుని ఉంటుంది. ఇంప్లాంట్ కేసుల్లో అచ్చుకు సిలికాన్ లేదా పాలీఈథర్ అనే రబ్బరు లాంటి పదార్థాలు వాడాలి.

నేను నమ్మేది జిగ్ పరీక్షను. మోడల్ మీద ఇంప్లాంట్లన్నిటినీ కలుపుతూ రెజిన్‌తో సన్నని కడ్డీ చేసి నోట్లో పెడతారు. ఒక చివర స్క్రూ మాత్రమే బిగించి రెండో చివర చూస్తారు. అక్కడ లేస్తే మోడల్ తప్పు. ఒక ఊరి నుంచి వచ్చిన కేసులో ఇలాగే ఒక చివర లేచింది. డాక్టర్ జిగ్‌ను కోసి, నోట్లోనే మళ్లీ అతికించి పంపారు. నేను మోడల్‌లో తేడా ఉన్న అనలాగ్ చుట్టూ స్టోన్ తవ్వి తీసేసి, కొత్త జిగ్ ప్రకారం దాన్ని మళ్లీ స్టోన్‌లో నిలబెట్టాను. మొత్తం అచ్చు మళ్లీ తీయాల్సిన పని పడలేదు, ఫ్రేమ్ ఏ లాగుడూ లేకుండా కూర్చుంది. మెటల్ పోయకముందే ఈ పరీక్ష చేస్తే మీ బాపుకు ఇన్ని రాకపోకలు తప్పేవి.

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు "పోయినసారి కంటే ఏం మారుస్తున్నారు?" అని మర్యాదగా అడగండి. అదే ట్రే, అదే పద్ధతి అంటే మూడో అచ్చుతో లాభం లేదు. కోపింగులు కలిపి కడతాం, జిగ్ చూశాకే ఫ్రేమ్ చేయిస్తాం అంటే నిశ్చింతగా ఒప్పుకోండి. ట్రయల్ రోజు ఎక్స్‌రే తీయించండి, చిగుళ్ల కింద సందు కంటికి కనపడదు. స్క్రూ బిగించేటప్పుడు ఎక్కడైనా నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు అనిపిస్తే వెంటనే చెప్పమని బాపుకు చెప్పండి. మన పెద్దవాళ్లు డాక్టర్ ముందు నొప్పి చెప్పుకోరు.

అచ్చుకు బదులు నోట్లో పెట్టి కొలతలు తీసుకునే స్కానర్ గురించి కూడా అడిగారు. ఒకటి రెండు ఇంప్లాంట్లకు బాగా పనిచేస్తుంది. దవడ అంతా స్కాన్ చేసేటప్పుడు ముక్కముక్కగా కలుపుకుంటూ పోవడం వల్ల తేడా పోగవుతుంది, అప్పుడూ జిగ్ కావాల్సిందే. హైదరాబాద్ అయినా, హనుమకొండ అయినా ఆ జిగ్ పరీక్ష చేసేచోటికే వెళ్లండి.