మరదలికి నీ కిడ్నీ ఇచ్చే ముందు

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ భార్యకు, అంటే నా మరదలికి, కిడ్నీ నువ్వే ఇస్తానంటున్నావు. మగవాడి కిడ్నీ ఆడమనిషికి పడదు, ఆమె చెల్లెలే ఇవ్వాలని ఇంట్లో పట్టుబడుతున్నారు. కిడ్నీ మార్పిడి వార్డులో ఇరవై ఆరేళ్లు నర్సుగా చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆ మాట పూర్తిగా పుట్టించింది కాదు. మగవారి కణాల్లో వై క్రోమోజోమ్ వల్ల తయారయ్యే కొన్ని ప్రోటీన్లు ఆడవారి ఒంటికి కొత్త. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో దాదాపు రెండు లక్షల మార్పిడుల లెక్కలు వచ్చాయి. మగవారి కిడ్నీ పెట్టించుకున్న ఆడవారిలో అది పాడయ్యే అవకాశం కొంచెం ఎక్కువని తేలింది. కొంచెమే. అంతమాత్రానికే నిన్ను వద్దనరు. పైగా నువ్వు ఒడ్డూ పొడుగూ ఉన్నవాడివి, ఆమె సన్నటి మనిషి. నీ కిడ్నీ ఆమెకు సులువుగా సరిపోతుంది. చిన్న కిడ్నీని పెద్ద ఒంటికి పెట్టినప్పుడే దానికి భారం.

నువ్వు భయపడవలసింది వేరే దానికి. మరదలు నీ పిల్లలిద్దరినీ మోసి కన్నది. ఆ బిడ్డల ద్వారా నీ కణాల గుర్తులు ఆమె రక్తానికి ఎప్పుడో పరిచయమయ్యాయి. వాటి మీద యాంటీబాడీలు, అంటే పరాయి కణాల మీద దాడిచేసే ప్రోటీన్లు, ఆమె రక్తంలో పుట్టి ఉంటే నీ కిడ్నీని మొదటి రోజే దెబ్బతీయగలవు. రక్తం ఎక్కించినా అవి పుడతాయి; ఎప్పుడెప్పుడు ఎక్కించారో గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పండి. దీన్ని కనిపెట్టేదే క్రాస్‌మ్యాచ్. ఆమె సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవంలో, నీ తెల్లకణాలు కలుపుతారు. కణాలు చస్తే పాజిటివ్, అంటే పనికిరాదని. ఒక భర్త పాజిటివ్ అని విని, అన్నీ కలిశాయనుకుని వార్డంతా మిఠాయి పంచాడు. ఆ పొట్లం పట్టుకుని నిలబడి అతనికి అసలు సంగతి చెప్పవలసి వచ్చింది నాకే.

నీకూ అలా వస్తే కుంగిపోవద్దు. మీలాగే చిక్కుకున్న మరో జంటతో దాతలను మార్చుకునే వీలు 2011 సవరణతో అవయవ మార్పిడి చట్టంలోకి వచ్చింది. దాని గురించి ఇప్పుడే అడిగి పెట్టుకో.

మరదలు చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీదున్న మనిషి కాబట్టి ఇన్సులిన్ తయారుచేసే క్లోమం (పాంక్రియాస్) మార్పిడి మాట కూడా డాక్టరు ఎత్తారన్నావు. అది దాదాపు ఎప్పుడూ బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచే వస్తుంది, అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలి. అక్కడ మొదట చూసేది బ్లడ్ గ్రూపు. ఆడా మగా అని కాదు. నీ కిడ్నీ ముందు పెట్టించి, క్లోమం తర్వాత పెట్టించవచ్చేమో అడుగు.

ఇక ఆ చెల్లెలి సంగతి. పెళ్లి కావలసిన పిల్ల. కిడ్నీ ఇచ్చిన ఆడవారికి తర్వాత గర్భం వస్తే బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువ. ఆ మాట ఆమెకు ఎవరైనా చెప్పారా? మా వార్డులో ఇచ్చేవారి మంచాల మీద ఎప్పుడూ తల్లులూ భార్యలే ఎక్కువ కనిపించేవారు. ఆమెను ఒంటరిగా డాక్టరుతో మాట్లాడనివ్వండి. వద్దంటే కారణం అడగవద్దు, ఇంట్లో ఎవరినీ అడగనివ్వవద్దు.

క్రాస్‌మ్యాచ్ కాగితం చేతికి రాగానే ఫోను చెయ్యి. అందులో ఏముందో ఒక్క అక్షరం వదలకుండా చదివి వినిపించు.

నీ అక్క