అమ్మడూ, కాంక్రీటు పోసేముందు ఒక్కసారి ఇది చదువు

అమ్మడూ,

స్విమ్మింగ్ పూల్ పంపుకి కరెంటు లైన్ నువ్వే లాగుతున్నావనీ, ట్రెంచ్ సగం తవ్వేశావనీ మీ అమ్మ చెప్పింది. ముందు నవ్వొచ్చింది, చిన్నప్పుడు నా సంచిలోంచి టెస్టర్ ఎత్తుకుపోయి దాచినదానివి కదా. గర్వంగానూ ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. నీళ్లూ కరెంటూ ఒక్కచోట అనగానే నాకు టెన్షన్.

పర్మిట్ తీసుకునే ఉంటావు, లేకపోతే ముందు ఆ పని చెయ్యి. లోతు సంగతి అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ ఎన్ఈసీలో స్పష్టంగానే ఉంది: పీవీసీ పైపులో వేస్తే పైన 18 అంగుళాల మట్టి, నేరుగా పాతే కేబుల్ అయితే 24, మందపాటి స్టీలు పైపుకి 6. కొలవాల్సింది పైపు నెత్తి నుంచి, ట్రెంచ్ అడుగు నుంచి కాదు. భూమిలో పైపు లోపల కూడా తడి చేరుతుంది, కాబట్టి తడికి తట్టుకునే వైరే వెయ్యి. పంపుకి జీఎఫ్‌సీఐ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే రక్షణ, తప్పదు.

ఇక బాండింగ్. ఎర్తింగ్ ఇచ్చాంగా, ఇదెందుకు అనకు, రెండూ వేరు. మనిషి ఒకేసారి తాకగలిగిన నీళ్లు, నిచ్చెన, డెక్, మోటారు అన్నీ ఒకే వోల్టేజీలో ఉండేలా కలిపి కట్టడమే బాండింగ్. తేడా లేకపోతే ఒంట్లోంచి కరెంటు పారదు. 8 గేజ్ సాలిడ్ రాగి తీగతో పూల్ గోడలోని చువ్వల్నీ, నీళ్ల అంచు నుంచి 5 అడుగుల లోపున్న లోహపు సామాన్లనీ, చుట్టూ 3 అడుగుల నేలనీ కలపాలి. ఆ తీగని ప్యానెల్ (బ్రేకర్ల పెట్టె) దాకా లాగక్కర్లేదు.

నేనొకసారి చేసిన పని చెప్తాను. అప్పటికే పదకొండేళ్ల అనుభవం, నా కొంప ముంచింది అదే. ఇన్‌స్పెక్షన్ అయిపోయింది, కాంక్రీటు లారీ వాకిట్లో ఉంది, పనివాళ్లు తొక్కితే డెక్ చువ్వల దగ్గర ఒక క్లాంపు విరిగింది. మట్టిలో, కాంక్రీటులో పాతడానికి పనికొచ్చే క్లాంపు ఇంకొకటి లేదు. మామూలుది బిగించేసి, ఎవరు చూడొచ్చారులే అనుకున్నా. మూడేళ్ల తర్వాత ఆ ఇంటావిడ ఫోన్ చేసి, నిచ్చెన పట్టుకుంటే చేతికి జివ్వుమంటోందండీ అంది. తడి చేతులకి అలా అనిపిస్తుందిలెండి అన్నాను. అమ్మడూ, ఆ మాట అన్నది నేనే. వారానికి మళ్లీ ఫోన్, ఈసారి పిల్లాడు కూడా అన్నాడట.

పరుగెత్తాను. మెయిన్ ఆపేసి మీటరు ఒక కొన నిచ్చెనకీ, ఇంకో కొన తడి డెక్‌కీ పెడితే 3 వోల్టులు. మెయిన్ ఆపాక కూడా! అది ఇంట్లోది కాదు, వీధి నుంచి వచ్చే న్యూట్రల్ తీగ మీద మోసుకొచ్చిన వోల్టేజీ. బ్రేకరూ జీఎఫ్‌సీఐ దాన్ని ఆపలేవు, బాండింగ్ ఒక్కటే దిక్కు, అది నేను కక్కుర్తి పడ్డ చోటే తెగిపోయింది. డెక్ పగలగొట్టి చూస్తే క్లాంపు పచ్చటి పొడి పట్టి ఉంది, వేలితో తడితే రాలిపోయింది. ఖర్చంతా నాదే. ఆవిడ ఒక్క మాట అనలేదు, మజ్జిగ తెచ్చిచ్చింది. తిట్టినా బాగుండేది.

అందుకే చెప్తున్నా, ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లాక కూడా, కాంక్రీటు పోసే ఆఖరి నిమిషంలో ప్రతి జాయింటు చేత్తో లాగి చూడు. కొలత టేపు పక్కన పెట్టి ఫొటో తీసి నాకు పంపు. రేపెప్పుడైనా పంపు మారిస్తే ఆ రాగి తీగ కొత్తదానికి బిగించడం మర్చిపోతారు జనం, నువ్వు మర్చిపోకు.

నేను చూసేదాకా మట్టి కప్పకు. నీ కూతుర్ని ట్రెంచ్ దగ్గరికి రానివ్వకు, టెస్టర్లు దాచడంలో అది నీ పోలికేనట.

మావయ్య