మూడు వేలలో ఆఫీసు బట్టలు కుదురుతాయి
మెటర్నిటీ లీవ్ అయిపోయి అక్టోబర్‌లో హైదరాబాద్ ఆఫీసుకి వెళ్లాలి, పాత కుర్తీలు పట్టట్లేదు, బడ్జెట్ 3,000 అన్నారు కదా. టెన్షన్ పడకండి. రెడీమేడ్ జోలికి పోకుండా సుల్తాన్ బజార్‌లో మంగళగిరి కాటన్ రెండున్నర మీటర్ల చొప్పున రెండు ముక్కలు తీసుకోండి, ఒకటి ముదురు నీలం, ఒకటి మెరూన్. నిజాం బార్డర్ దొరికితే ఆ చిన్న చిన్న గోపురాల జరీయే నిండుగా ఉంటుంది, వేరే వర్క్ అక్కర్లేదు. కుట్టడానికి ఇచ్చేముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయండి, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది. పక్క కుట్ల లోపల అంగుళం బట్ట వదలమని టైలర్‌కి గట్టిగా చెప్పండి, రేపు ఒళ్లు తగ్గినా పెరిగినా సరిచేసుకోవచ్చు. బిడ్డకి పాలు ఇస్తున్నారు కాబట్టి ముందువైపు నడుము దాకా గుండీలు పెట్టించుకుంటే ఆఫీసులో పాలు పంప్ చేసుకోడానికి ఇబ్బంది ఉండదు. రెంటికీ కలిపి ఒక్క క్రీమ్ కలర్ ప్యాంటు చాలు. ఏసీ చలికి మాత్రం ఇంట్లో ఉన్న పాత శాలువానే డెస్క్ దగ్గర పెట్టుకోండి.